కమాండ్ లైన్ టెస్టింగ్ టూల్ కట్టేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని రాయగడలో మా మేడ మీద గదిలో ఆదివారాలు కూర్చుని ఒక చిన్న టూల్ కడుతున్నాం. బరంపురం నుంచి ఇద్దరు, పర్లాకిమిడి నుంచి ఒకరు, గుణుపురం నుంచి ఒకరు ఫోన్లో కలుస్తారు. టూల్ పేరు తనిఖీ. పైథాన్ టెస్టులు నడిపే పైటెస్ట్ అనే టూల్‌ని నడిపి, ఫలితాన్ని మాకు కావలసిన పద్ధతిలో చెప్పే కమాండ్ అది. బట్టల కొట్లకి మేం రాసిన బిల్లింగ్ ప్రోగ్రాముని పరీక్షించడానికి పుట్టింది. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరూ అవే డౌట్లు అడుగుతారు, వాట్సాప్‌లో రాసిన జవాబు రెండు రోజుల్లో గుడ్ మార్నింగ్ ఫొటోల కింద కనబడకుండా పోతుంది, అందుకని అన్నీ ఒకచోట పెట్టాను. కావలసిన ప్రశ్నకి నేరుగా వెళ్లిపోండి, ఏ జవాబైనా దానికదే చదువుకోవచ్చు. కమాండ్ల పేర్లు పలికినట్టే తెలుగులో రాశాను, టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

## మొదలుపెట్టే ముందు

పైటెస్ట్ ఉండగా దాని మీద మళ్లీ ఇంకో టూల్ ఎందుకు అన్నా?

చాలామందికి అక్కర్లేదు, ముందు ఆ మాట చెప్పాలి. మొదటి ఫెయిల్ దగ్గరే ఆగాలంటే పైటెస్ట్‌కి ఎక్స్ ఆప్షన్ ఉంది, పోయినసారి ఫెయిలైనవే మళ్లీ నడపాలంటే ఎల్ఎఫ్ ఉంది, పేరుని బట్టి కొన్నిటినే ఏరుకోవాలంటే కె ఉంది. రోజూ ఇవే కొడుతుంటే సెట్టింగ్స్ ఫైల్లో యాడ్‌ఆప్ట్స్ అనే చోట రాసి పెట్టుకోండి, పని అయిపోతుంది. మా సంగతి వేరు. మూడు కొట్లకి మూడు రకాల సెట్టింగులు, పైగా రాత్రి కొట్టు కట్టేశాక టెస్టులు నడిపేది ప్రోగ్రామర్ కాదు, లెక్కలు రాసే ఆయన. ఆయనకి పైటెస్ట్ ఇచ్చే పేజీ పొడవు ట్రేస్‌బ్యాక్ (తప్పు ఏ లైన్ల గుండా వచ్చిందో చెప్పే జాబితా) వద్దు, "రాయగడ కొట్టు: 41 టెస్టుల్లో 2 తప్పాయి, పాత బిల్లింగే వాడండి" అనే ఒక్క ముక్క చాలు. ఇలాంటి మనిషి మీ దగ్గర ఉంటేనే టూల్ కట్టండి.

పైథాన్ కొద్దిగానే వచ్చు, చేరొచ్చా?

ఫంక్షన్ రాయడం, లిస్టు తిప్పడం, ఫైలు తెరిచి చదవడం వస్తే చేరిపోండి. మిగతాది చేస్తుంటే వస్తుంది.

ఆర్గ్‌పార్స్ వాడాలా, క్లిక్ వాడాలా?

రెండూ కమాండ్ లైన్లో కొట్టిన ఆప్షన్లని చదివిపెట్టే లైబ్రరీలు. ఆర్గ్‌పార్స్ పైథాన్‌తో పాటే వస్తుంది, విడిగా ఏదీ దించుకోనక్కర్లేదు. క్లిక్ విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి, కానీ సబ్‌కమాండ్లు ఎక్కువైతే రాయడం సుఖం, టెస్ట్ చేయడానికి సీఎల్ఐ రన్నర్ అని దానికి సొంత సాధనం కూడా ఉంది. మేం ఆర్గ్‌పార్స్ వైపు వెళ్లాం, మా దగ్గర సగం మంది మొబైల్ నెట్ మీదే బతుకుతున్నారు కాబట్టి దించుకునేది ఎంత తక్కువైతే అంత మంచిది. నాలుగైదు ఆప్షన్ల టూల్‌కి ఆర్గ్‌పార్స్ ధారాళంగా సరిపోతుంది.

కోడ్ మొదలుపెట్టే ముందు కాగితం మీద ఏం రాసుకోవాలి?

మీ టూల్ ఎన్ని రకాలుగా ముగియగలదో రాసుకోండి. అన్నీ పాసయ్యాయి, కొన్ని తప్పాయి, అసలు టెస్టులే దొరకలేదు, యూజర్ ఆప్షన్ తప్పు కొట్టాడు, మధ్యలో ఆపేశాడు, టూలే చెడిపోయింది. ఇందులో ప్రతిదానికీ ఒక నంబరు, ఒక వాక్యం. మా గది గోడకి ఆ కాగితం ఇంకా అంటించే ఉంది, కాఫీ మరక కూడా పడింది. కోడ్ నాలుగుసార్లు తిరగరాశాం గానీ ఆ కాగితంలో మార్చింది ఒక్క లైనే.

## కట్టేటప్పుడు

ఎగ్జిట్ కోడ్ అంటే ఏంటి, దానికి అంత పట్టింపు ఎందుకు?

ప్రోగ్రాం ముగిసేటప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌కి అప్పజెప్పి వెళ్లే నంబరే ఎగ్జిట్ కోడ్. 0 అంటే అంతా బాగుంది, ఇంకేదైనా అయితే ఏదో తేడా వచ్చింది. తెర మీద మీరు ఎర్రగా ఎంత రాసినా స్క్రిప్టులు, సీఐ సర్వర్లు (కోడ్ పంపగానే టెస్టులు వాటంతటవే నడిపేవి) చూసేది ఆ నంబరునే. టెస్టింగ్ టూల్ ఇచ్చే మాట అంటే అదే, అది తప్పితే మిగతా సోకులు ఎన్ని ఉన్నా దండగ.

పైటెస్ట్ 6 నంబర్లు వాడుతుంది. 0 అన్నీ పాస్, 1 కొన్ని ఫెయిల్, 2 మధ్యలో ఆగిపోయింది, 3 పైటెస్ట్ లోపలే ఏదో పాడైంది, 4 కమాండ్ తప్పుగా ఇచ్చారు, 5 ఒక్క టెస్టూ దొరకలేదు. 2 దగ్గర చాలామంది పొరబడతారు. కంట్రోల్ సి కొడితేనే కాదు, టెస్టు ఫైలు ఇంపోర్ట్ అవుతుండగానే ఎర్రర్ వచ్చినా పైటెస్ట్ 2 ఇచ్చే ఆగుతుంది. కాబట్టి 2 చూడగానే "యూజర్ ఆపేశాడు" అని రాసేయకండి. 5 సంగతి ఇంకా ముఖ్యం. కె ఆప్షన్‌లో పేరు ఒక్క అక్షరం తప్పు కొడితే ఏ టెస్టూ నడవదు, ఏదీ ఫెయిల్ కాదు. "ఫెయిల్స్ సున్నా" అని లెక్కపెట్టి పాస్ అనేసే టూళ్లు చూశాను. ఏదీ నడవకపోవడం పాస్ కాదు. తనిఖీలో దీన్ని విడిగా, గట్టిగా చెప్పిస్తాం.

ఎన్ని టెస్టులు ఫెయిలైతే ఆ సంఖ్యనే ఎగ్జిట్ కోడ్‌గా ఇస్తే బాగుంటుంది కదా?

మేమూ మొదట అలాగే అనుకున్నాం, కానీ ఇందులో పెద్ద గొయ్యి ఉంది. లినక్స్‌లో తల్లి ప్రాసెస్‌కి అందేది ఆ నంబరులో కింది 8 బిట్లే, అంటే 0 నుంచి 255 వరకే. సరిగ్గా 256 టెస్టులు ఫెయిలైతే చేతికందేది 0. అంటే అంతా పాస్! నమ్మకపోతే ఇప్పుడే టెర్మినల్ తెరిచి పైథాన్‌తో సిస్ ఎగ్జిట్ 256 ఇప్పించి, తర్వాత ఎకో డాలర్ ప్రశ్నార్థకం కొట్టి చూడండి, 0 అని వస్తుంది. రోబోట్ ఫ్రేమ్‌వర్క్ అనే ఇంకో టెస్టింగ్ టూల్ ఫెయిలైన టెస్టుల సంఖ్యనే కోడ్‌గా ఇస్తుంది, కానీ వాళ్లు ఈ ప్రమాదం తెలిసే 250 దగ్గర గీత గీశారు. 250 ఫెయిలైనా 600 ఫెయిలైనా 250 అనే వస్తుంది, ఆ పై నంబర్లని వేరే పనులకి అట్టే పెట్టుకున్నారు. మీరు మాత్రం ఫెయిల్ అంటే 1 అనుకుని, సంఖ్యని రిపోర్టులో రాయండి.

మెయిన్ ఫంక్షన్ ట్రూ ఇస్తున్నా టూల్ ఫెయిల్ అంటోంది, ఎందుకు?

పైథాన్‌లో ట్రూ అంటే 1, ఫాల్స్ అంటే 0. ఇన్‌స్టాల్ చేసినప్పుడు తయారయ్యే చిన్న స్క్రిప్టు మీ మెయిన్ ఏమిస్తే దాన్ని నేరుగా సిస్ ఎగ్జిట్‌కి ఇచ్చేస్తుంది. మీరు "పనైంది" అని ట్రూ ఇస్తే బయటికి 1 పోతుంది, "తప్పింది" అని ఫాల్స్ ఇస్తే 0 పోతుంది. అంతా తలకిందులు. రిటర్న్ రాయడం మరిచిపోతే నన్ వెళ్తుంది, అదీ 0 కిందే లెక్క, అది ఇంకా ప్రమాదం. వాక్యం ఇస్తే అది ఎర్రర్ అవుట్‌పుట్‌లో అచ్చయి కోడ్ 1 అవుతుంది. మెయిన్ ఎప్పుడూ అంకె మాత్రమే ఇవ్వాలి, ప్రతి దారిలోనూ ఇవ్వాలి.

పైటెస్ట్‌ని పైథాన్ లోపల నుంచే పిలవాలా, వేరే ప్రాసెస్‌గా నడపాలా?

లోపల నుంచి పిలవడానికి పైటెస్ట్ డాట్ మెయిన్ ఉంది, ఒక్కసారి నడిపి ముగించే టూల్‌కి అది చాలు. కానీ ఒకే ప్రాసెస్‌లో రెండోసారి పిలిస్తే చిక్కు వస్తుంది, పైథాన్ ఒకసారి ఇంపోర్ట్ చేసిన ఫైల్ని గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి మధ్యలో మీరు కోడ్ మార్చినా పాతదే నడుస్తుంది. పైటెస్ట్ వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే ఇలా పదే పదే పిలవద్దని రాసి ఉంది. మేం మూడు కొట్ల టెస్టులు వరసగా నడపాలి, ఒకదాని సెట్టింగు ఇంకోదానికి అంటుకోకూడదు, అందుకని సబ్‌ప్రాసెస్ పట్టుకున్నాం. కొంచెం నిదానం, కానీ మనసు ప్రశాంతంగా ఉంటుంది. పైథాన్ పేరు ఊరికే పైథాన్ అని రాయకుండా సిస్ ఎగ్జిక్యూటబుల్ వాడండి, లేకపోతే మీ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ప్రాజెక్టు కోసం విడిగా పెట్టుకున్న పైథాన్) వదిలేసి సిస్టమ్‌లో ఉన్న వేరే పైథాన్ లేచి కూర్చుంటుంది.

యూజర్ ఇచ్చే పైటెస్ట్ ఆప్షన్లని కూడా పంపించాలంటే?

ఒంటరిగా రెండు అడ్డగీతలు కొట్టాక వచ్చేదంతా పైటెస్ట్‌కే అని నియమం పెట్టుకోండి, కమాండ్ లైన్ వాడేవాళ్లకి ఇది పాత అలవాటే. పంపేటప్పుడు అన్నీ కలిపి ఒక పొడుగు వాక్యంలా అతికించకండి, లిస్టుగా ఇవ్వండి, షెల్ ట్రూ (కమాండ్‌ని షెల్ చేత చదివించే సెట్టింగు) అసలు పెట్టకండి. పర్లాకిమిడి తమ్ముడి ఫోల్డర్ పేరు "కొత్త బిల్లులు", మధ్యలో ఖాళీ ఉంది. వాక్యంలా అతికించిన రోజుల్లో అది "కొత్త" ఒక ఫోల్డరు, "బిల్లులు" ఇంకో ఫోల్డరు అయిపోయి రెండూ దొరకలేదని కోడ్ 4 వచ్చేది.

ఏది స్టాండర్డ్ అవుట్‌పుట్‌కి పోవాలి, ఏది ఎర్రర్ అవుట్‌పుట్‌కి?

ఫలితం అవుట్‌పుట్‌కి, "నడుస్తోంది", "ఫలానా ఫైలు చదువుతున్నా" లాంటి కబుర్లు ఎర్రర్ అవుట్‌పుట్‌కి. ఎవరైనా మీ టూల్ ఫలితాన్ని ఫైల్లోకి మళ్లిస్తే అందులో కబుర్లు కలవకూడదు.

రంగులు పెట్టొచ్చా?

పెట్టండి, కానీ ఎదురుగా నిజంగా టెర్మినల్ ఉందో లేదో ఈజ్‌ఏటీటీవై అనే ఫంక్షన్‌తో అడిగి పెట్టండి, లేకపోతే లాగ్ ఫైలంతా పిచ్చి గుర్తులు. నో కలర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంటే రంగులు ఆపేయడం చాలా టూళ్లు పాటించే పద్ధతి, మీరూ పాటించండి. రంగు లేకపోయినా పాస్, ఫెయిల్ అనే మాట కనబడాలి.

టెస్టులు నడుస్తుంటే కరెంటు పోయింది, రిపోర్టు ఫైలు సగమే ఉంది. ఏం చెయ్యాలి?

వానాకాలం మాకిది వారానికోసారి. యూపీఎస్ బ్యాటరీ చచ్చిన పాత డెస్క్‌టాప్ మీద నడుపుతారు, ఫ్యాను ఆగుతుంది, సిస్టమ్ ఆగుతుంది, పొద్దున చూస్తే రిపోర్టులో సగం ఎక్స్ఎంఎల్. నిన్నటి మంచి రిపోర్టు కూడా ఉండదు, ఎందుకంటే దాని మీదే రాయడం మొదలుపెట్టాం. దీనికి మందు సులువు. అదే ఫోల్డర్లో వేరే తాత్కాలిక పేరుతో ఫైలు మొత్తం రాయండి, ఫ్లష్ చేసి ఎఫ్‌సింక్ పిలవండి (రాసింది నిజంగా డిస్క్ మీదికి చేరడానికి), ఆ తర్వాత ఓఎస్ రీప్లేస్‌తో అసలు పేరుకి మార్చండి. అప్పుడు పాత ఫైలైనా పూర్తిగా ఉంటుంది, కొత్తదైనా పూర్తిగా ఉంటుంది, సగం సగం అనేది ఉండదు. తాత్కాలిక ఫైలు వేరే డ్రైవులో పెడితే మాత్రం ఈ పేరు మార్పిడి కుదరదు, అందుకే అదే ఫోల్డర్ అన్నాను.

## పరీక్షించేటప్పుడు

టెస్టింగ్ టూల్‌కి మళ్లీ టెస్టులా?

అవును, మామూలు ప్రోగ్రాముకంటే దీనికే ఎక్కువ కావాలి. బిల్లింగ్ ప్రోగ్రాములో తప్పుంటే టెస్టు పట్టుకుంటుంది. టెస్టింగ్ టూల్ తప్పు చెబితే పట్టుకునేవాడు లేడు, పైగా అందరూ దాని మాట నమ్మి నిశ్చింతగా ఉంటారు. తూకం రాయి తక్కువ బరువున్నట్టు అన్నమాట, అమ్మేవాడికీ కొనేవాడికీ తెలియదు, రోజూ నష్టం జరుగుతూనే ఉంటుంది.

ఎలాంటి టెస్టులు, ఎన్ని రాయాలి?

మేం మూడు అంతస్తులుగా రాస్తాం. కింద చిన్న ఫంక్షన్లకి బోలెడు టెస్టులు: కోడ్ 5 ఇస్తే ఏ వాక్యం వస్తుంది, 41లో 2 తప్పితే సారాంశం ఎలా ఉంటుంది, ఇవి క్షణంలో అయిపోతాయి. మధ్యలో మెయిన్ ఫంక్షన్‌కి లిస్టు ఇచ్చి పిలిచేవి. ఇందుకోసం మెయిన్ తన ఆర్గ్యుమెంట్లని బయట నుంచి తీసుకునేలా రాయాలి, సిస్ ఆర్గ్‌వీని (కమాండ్ లైన్లో కొట్టిన మాటల లిస్టు) లోపలే పట్టుకుని కూర్చోకూడదు. అచ్చయిన మాటలు క్యాప్‌సిస్ ఫిక్స్చర్‌తో (ఫిక్స్చర్ అంటే టెస్టుకి పైటెస్ట్ అందించే సాధనం) పట్టుకోవచ్చు. పైన మాత్రం నాలుగైదే: నిజంగా ఇన్‌స్టాల్ చేసిన కమాండ్‌ని సబ్‌ప్రాసెస్‌తో నడిపి బయటికొచ్చిన కోడ్ చూడటం. ఇవి నిదానం, కానీ మెయిన్ ట్రూ ఇచ్చేయడం లాంటి తప్పులు ఇక్కడే దొరుకుతాయి, కింది రెండు అంతస్తుల్లో దొరకవు.

ఆ పై అంతస్తు టెస్టులకి శాంపిల్ ఫోల్డర్లు కావాలి: అన్నీ పాసయ్యేది ఒకటి, ఒకటి కావాలని ఫెయిలయ్యేది, ఇంపోర్ట్ దగ్గరే పడిపోయేది, అసలు టెస్టుల్లేని ఖాళీ ఫోల్డరు. ప్రతిదానికీ రావలసిన కోడ్ వరసగా 0, 1, 2, 5. ఒక్కపూట పని ఇది, చేసి తీరండి.

తప్పు ఆప్షన్ ఇచ్చి టెస్ట్ చేస్తుంటే నా టెస్టే ఆగిపోతోంది?

ఆర్గ్‌పార్స్ తప్పు ఆప్షన్ చూడగానే సిస్టమ్ ఎగ్జిట్ అనే ఎక్సెప్షన్ ఎత్తుతుంది, కోడ్ 2తో. హెల్ప్ అడిగినా అంతే, అప్పుడు కోడ్ 0. టెస్టులో పైటెస్ట్ రైజెస్‌తో దాన్ని పట్టుకుని, లోపలున్న కోడ్ సరిచూడండి. గమనించారో లేదో, ఆర్గ్‌పార్స్ వాడే 2, పైటెస్ట్ వాడే 2 వేరు వేరు అర్థాలు. మేం ఆర్గ్‌పార్స్ ఎర్రర్ పద్ధతిని మార్చి 4 ఇప్పించాం, అలా అయితే "కమాండ్ తప్పు" అనేదానికి రెండు చోట్లా ఒకే నంబరు. గోడ కాగితంలో మార్చిన ఒక్క లైను ఇదే.

కావాలని ఫెయిలయ్యే శాంపిల్ టెస్టుల్ని కూడా పైటెస్ట్ నడిపేస్తోంది, ఎలా ఆపాలి?

శాంపిళ్లు మీ టెస్టుల ఫోల్డర్ లోపలే పెట్టి ఉంటారు. సెట్టింగ్స్‌లో నోరికర్స్‌డిర్స్ అనే చోట ఆ ఫోల్డర్ పేరు రాస్తే దాని జోలికి పోదు, కాకపోతే అక్కడ రాస్తే ముందున్న డీఫాల్ట్ జాబితా పోతుందని గుర్తుంచుకోండి. నాకు నచ్చిన దారి వేరే. శాంపిల్ని అప్పటికప్పుడు టెంప్ పాత్ ఫిక్స్చర్ ఇచ్చే ఫోల్డర్లో రాసి నడపడం. అది మీ ప్రాజెక్టు బయట ఉంటుంది కాబట్టి మీ కాన్‌ఫ్‌టెస్ట్ ఫైలు (టెస్టులన్నిటికీ ఉమ్మడిగా పైటెస్ట్ చదివే ఫైలు) ప్రభావం దాని మీద పడదు. పైటెస్టర్ అని పైటెస్ట్‌తోనే వచ్చే ప్లగిన్ కూడా ఉంది, ప్లగిన్లు రాసేవాళ్ల కోసం చేశారు, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, కాన్‌ఫ్‌టెస్ట్‌లో పేరు రాస్తే ఆన్ అవుతుంది.

అవుట్‌పుట్‌లో సమయం ప్రతిసారీ మారుతుంది, ఎలా పోల్చాలి?

పోల్చే ముందు సెకన్ల అంకెని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో ఒక స్థిరమైన గుర్తుగా మార్చేయండి. ఫోల్డర్ల పూర్తి పాత్ కూడా అంతే. ఇంకా మంచిది, అవుట్‌పుట్ మొత్తాన్ని అక్షరం అక్షరం పోల్చడం మానేసి మీకు కావలసిన లైను ఉందో లేదో చూడండి.

సీఐలో అంతా పచ్చగా ఉంది, కానీ లాగ్ తెరిస్తే ఫెయిల్స్ ఉన్నాయి. టూల్ అబద్ధం చెబుతోందా?

టూల్ నిజమే చెప్పి ఉంటుంది, మధ్యలో ఎవరో మింగేశారు. నేను ఇదివరకు పనిచేసిన ఒక చోట టెస్టుల అవుట్‌పుట్‌ని పైప్‌తో టీ కమాండ్‌కి పంపేవాళ్లు, తెర మీదా కనబడాలి, ఫైల్లోనూ పడాలి అని. పైప్ వాడితే షెల్ చూసేది చివరి కమాండ్ కోడ్. టీ ఎప్పుడూ సంతోషంగా 0 ఇస్తుంది. మూడు రోజులు పచ్చ గుర్తు చూసుకుంటూ కొత్త వెర్షన్ బయటికి పంపాం, కస్టమర్ ఫోన్ చేసి మొత్తాలు తప్పు వస్తున్నాయి అంటేగానీ లాగ్ తెరవలేదు. తెరిస్తే మొదటి రోజు నుంచీ ఏడు ఫెయిల్స్. ఆ సాయంత్రం టెన్షన్ నేనింకా మరచిపోలేదు, ఈ పేజీలో ఎగ్జిట్ కోడ్ గురించి ఇంత పట్టుబట్టి రాయడానికి కారణం అదే.

బ్యాష్‌లో సెట్ ఓ పైప్‌ఫెయిల్ అని ముందు రాస్తే పైప్‌లో ఏది ఫెయిలైనా మొత్తం ఫెయిల్ అవుతుంది. గిట్‌హబ్ యాక్షన్స్‌లో ఒక మెలిక ఉంది. లినక్స్ మీద షెల్ ఏదో రాయకుండా వదిలేస్తే అది బ్యాష్‌నే నడుపుతుంది గానీ పైప్‌ఫెయిల్ పెట్టదు, షెల్ బ్యాష్ అని మీరు స్పష్టంగా రాస్తే పైప్‌ఫెయిల్‌తో నడుపుతుంది. ఒక్క లైను తేడా. సీఐ పెట్టిన మొదటి రోజే కావాలని ఒక టెస్టు చెడగొట్టి పంపండి, ఎర్ర గుర్తు కళ్లతో చూశాకే దాన్ని నమ్మండి.

## తెలుగు, ఒడియా అక్షరాలతో

ఒడియా పేరు రాగానే యూనికోడ్ ఎన్‌కోడ్ ఎర్రర్ అని పడిపోతోంది. తెర మీద బాగానే కనిపించింది కదా?

విండోస్‌లో ఇది తప్పక ఎదురవుతుంది. టెర్మినల్‌లో నేరుగా అచ్చు వేసేటప్పుడు పైథాన్ 3.6 నుంచి యూనికోడ్ దారిలోనే వెళ్తుంది, అక్షరాలు సరిగ్గా పోతాయి. అదే అవుట్‌పుట్‌ని ఫైలుకో పైప్‌కో మళ్లించగానే సిస్టమ్ పాత కోడ్‌పేజీకి మారిపోతుంది, అందులో ఒడియాకీ తెలుగుకీ చోటు లేదు. లెక్కలు రాసే ఆయన సిస్టమ్‌లో ఒక ఒడియా కస్టమర్ పేరుతో ఉన్న టెస్టు దగ్గర పడిపోయేది, చేత్తో నడిపితే పడదు, రాత్రి షెడ్యూల్ చేసి ఫైల్లోకి రాయిస్తే పడుతుంది. రెండు ఆదివారాలు దాని వెనకే పోయాయి.

పైథాన్ యూటీఎఫ్8 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 1 ఇస్తే తీరుతుంది, ఇది పైథాన్ 3.7 నుంచి ఉంది. మీరు పుట్టించే సబ్‌ప్రాసెస్‌కి కూడా అదే అందేలా చూడండి. ఫైళ్లు తెరిచే ప్రతిచోటా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్ 8 అని రాయండి, అలవాటు చేసుకుంటే భారం కాదు.

పారామెట్రైజ్ చేస్తే, అంటే ఒకే టెస్టుని వేరే వేరే విలువలతో నడిపితే, టెస్టు పేర్లలో తెలుగు బదులు బ్యాక్‌స్లాష్, యూ, 0సీ అంటూ ఏవో వస్తున్నాయి?

అవి మీ తెలుగు అక్షరాలే. తెలుగుకి యూనికోడ్‌లో 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా చోటు, ఒడియాకి 0బీ00 నుంచి 0బీ7ఎఫ్ దాకా. పైటెస్ట్ పారామీటర్ల పేర్లలో ఆస్కీ కానివాటిని ఇలా మారుస్తుంది. ఆపడానికి సెట్టింగ్ ఉంది, దాని పేరే ఒక పొడుగు వాక్యం, "పేర్లు మార్చడం ఆపేసి కమ్యూనిటీ సహాయం మీద హక్కులన్నీ వదులుకుంటున్నాను" అని దాని అర్థం. బెదిరిపోకండి, మేం ఆన్ చేసే వాడుతున్నాం, కొన్ని సిస్టమ్‌లలో ఇబ్బంది రావచ్చని వాళ్ల హెచ్చరిక. అంత వద్దనుకుంటే ప్రతి కేసుకీ ఐడీ మీరే ఇంగ్లీషు అక్షరాల్లో ఇచ్చేయండి.

టెస్టు ఫంక్షన్ల పేర్లు తెలుగులో పెట్టొచ్చా?

పైథాన్ 3 ఒప్పుకుంటుంది. ముందు టెస్ట్ అని ఇంగ్లీషులో ఉంటే పైటెస్ట్ గుర్తుపడుతుంది. కానీ మన కీబోర్డులు పొల్లు హల్లు తర్వాత వేసే కనబడని జోడింపు అడ్డు, జీరో విడ్త్ నాన్ జాయినర్, పేర్లలో ఉంటే సింటాక్స్ ఎర్రర్. కంటికి ఏమీ తేడా కనబడదు, గంటలు పోతాయి. మేం పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టి, డాక్‌స్ట్రింగ్ (ఫంక్షన్ మొదట్లో రాసే వివరణ) మాత్రం తెలుగులో రాస్తున్నాం.

తెలుగు పేర్లు వస్తే కాలమ్‌లన్నీ వంకరపోతున్నాయి?

పైథాన్ పొడవు లెక్క వేరు, కంటి లెక్క వేరు. శ్రీకాకుళం అనే మాటలో మనకి కనబడేవి 4 అక్షరాలు, లెన్ ఫంక్షన్ చెప్పేది 10, ఎందుకంటే గుణింతం గుర్తు, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. పైగా ఒక్కో టెర్మినల్ ఒక్కోలా గీస్తుంది. మేం కుస్తీ మానేశాం. అంకెలు, ఫలితం ముందు కాలమ్‌లలో, పేరు చివరి కాలమ్‌లో, దాని తర్వాత ఏమీ లేదు కాబట్టి వంకరపోవడానికి ఏమీ మిగల్లేదు.

మెసేజ్‌లు తెలుగులో పెట్టాలా, ఒడియాలోనా, ఇంగ్లీషులోనా?

ఇక్కడి వాళ్లకే అర్థమయ్యే చిక్కు ఇది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమైనప్పుడు గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు నుంచి ఇటు వచ్చాయి, ఇళ్లలో తెలుగు నిలిచింది, బడిలో ఒడియా వచ్చింది. మా జట్టులోనే ఇద్దరు తెలుగు చక్కగా మాట్లాడతారు, చదవాలంటే ఒడియా అక్షరాలే సులువు. కాబట్టి మెసేజ్‌లన్నీ ఒక ఫైల్లో విడిగా పెట్టి, లాంగ్ ఆప్షన్‌తో మూడిట్లో ఏదైనా ఎంచుకునేలా చేశాం. ఏ భాషలో ఉన్నా ఎగ్జిట్ కోడ్, రిపోర్టు ఫైల్లోని కీలు మారవు, స్క్రిప్టులు చదివేది వాటినే. అనువాదం ఇంట్లో పెద్దవాళ్లకి చదివి వినిపించాక ఖాయం చేయండి. "అమలు విఫలమైనది" అంటే మా అమ్మకి అర్థం కాలేదు, "నడవలేదు" అంటే వెంటనే అర్థమైంది.

## ఇంకొకరి సిస్టమ్‌లో పెట్టేటప్పుడు

ఇన్‌స్టాల్ అయింది, కానీ కమాండ్ దొరకలేదంటోంది?

స్క్రిప్టు పడిన ఫోల్డరు పాత్‌లో (సిస్టమ్ కమాండ్లు వెతికే ఫోల్డర్ల జాబితా) లేదు. అప్పటికి పైథాన్, ఎమ్ ఆప్షన్, ఆ తర్వాత మీ ప్యాకేజీ పేరు కొట్టి నడపండి, విండోస్‌లో పీవై అని మొదలుపెట్టండి. అలా నడవాలంటే ప్యాకేజీలో మెయిన్ అనే ఫైలు, పేరుకి అటూ ఇటూ రెండేసి అండర్‌స్కోర్లతో, ఉండాలి. దాన్ని మొదటి రోజే పెట్టేయండి.

ఉబుంటులో పైథాన్ ప్యాకేజీలు పెట్టే పిప్ ఒప్పుకోవడం లేదు, ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ అంటోంది?

ఉబుంటు 23.04 నుంచి, డెబియన్ 12 నుంచి సిస్టమ్ పైథాన్‌లోకి పిప్‌తో నేరుగా పెట్టనివ్వరు. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ చేసుకుని అందులో పెట్టండి, లేదా ప్రతి టూల్‌కీ ఆ ఎన్విరాన్‌మెంట్ తనే చేసి పెట్టే పిప్ఎక్స్ వాడండి. ఆ ఎర్రర్‌ని దాటేసే ఆప్షన్ ఒకటి అక్కడే చూపిస్తుంది, దాని జోలికి పోకండి.

నెట్ సరిగ్గా లేని చోట ఎలా పెట్టాలి?

పెన్‌డ్రైవ్‌తో. నెట్ ఉన్న చోట పిప్ డౌన్‌లోడ్ కొట్టి మీ టూల్, దానికి కావలసిన ప్యాకేజీలు అన్నీ ఒక ఫోల్డర్లోకి దించండి. అవతల నో ఇండెక్స్, ఫైండ్ లింక్స్ అనే రెండు ఆప్షన్లతో ఆ ఫోల్డర్ చూపించి ఇన్‌స్టాల్ చేయండి. దించే సిస్టమ్, పెట్టే సిస్టమ్ రెండిటిలోనూ అదే ఆపరేటింగ్ సిస్టమ్, అదే పైథాన్ వెర్షన్ ఉంటే గొడవ లేదు. గుణుపురం దాటి లోపలికి ఒక కొట్టుకి వెళ్లినప్పుడు 3.12కి దించిన ఫైళ్లు తీసుకెళ్లాను, అక్కడ ఉన్నది 3.9. బస్సులో వెనక్కి వచ్చి మళ్లీ దించుకుని మర్నాడు వెళ్లాను. ఇప్పుడు బయల్దేరే ముందే ఫోన్ చేసి, పైథాన్ వెర్షన్ కనబడేలా తెర ఫొటో పంపమంటాను.

కొత్త వెర్షన్‌లో ఏవి మార్చొచ్చు, ఏవి మార్చకూడదు?

రంగులు, వాక్యాలు, వేగం మీ ఇష్టం. ఎగ్జిట్ కోడ్ల అర్థం, ఆప్షన్ల పేర్లు, రిపోర్టు ఫైలు కీలు మాత్రం చెప్పకుండా మార్చకండి, ఎవరి స్క్రిప్టు దేని మీద ఆధారపడి ఉందో మనకి తెలియదు. తప్పనిసరైతే వెర్షన్‌లో మొదటి అంకె పెంచండి, పాత ఆప్షన్‌ని కొన్నాళ్లు ఉంచి, వాడినప్పుడల్లా ఎర్రర్ అవుట్‌పుట్‌లో ఒక హెచ్చరిక చూపించండి. మేం క్వైట్ ఆప్షన్ పేరు మార్చినప్పుడు పాతది ఆరు నెలలు ఉంచాం. బరంపురం కొట్టు స్క్రిప్టులో అది ఇంకా ఉందని ఐదో నెలలో ఆ హెచ్చరిక చూసే తెలిసింది.